విమానంలో తిన్న రొట్టె

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నా ఫోన్‌కు దుబాయ్ విమానాశ్రయంలో వైఫై దొరికింది. మేం వికారాబాద్ నుంచి హ్యాండ్‌బాల్ జట్టుతో బ్రెజిల్ వెళ్తున్నాం. పన్నెండు మంది ఆడపిల్లలు, వాళ్ల సార్, తోడు వచ్చిన తల్లిదండ్రులు కొందరు. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. గోల్‌కీపర్. ఇంకో గోల్‌కీపర్ పిల్ల మణికట్టు విరిగి వికారాబాద్‌లోనే ఆగిపోయింది కాబట్టి జట్టుకు ఇక తనొక్కతే.

ఫోన్‌లో మొదట తెరుచుకున్నది తాండూరులో మా పుట్టింటి గల్లీ వాళ్ల గ్రూపు. అందులో మా అమ్మ ఫొటో ఉంది. ఫొటో చుట్టూ దండ గీసి ఉంది. కింద దండం పెట్టే బొమ్మలు వరసగా వస్తున్నాయి.

రెండు రోజుల కిందటే తాండూరు వెళ్లి అమ్మకు చెప్పి వచ్చాం. దగ్గు తప్ప ఆమెకు ఏమీ లేదు.

పక్కకు వెళ్లి తమ్ముడికి ఫోన్ చేశాను.

"అమ్మకియ్యిరా."

"పండుకున్నదక్కా. రాత్రంత దగ్గింది, గిప్పుడే కన్నంటుకున్నది. మీ ఫ్లైట్ ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"మంచిగ పొండ్రి. గోల్ ఒక్కటి గూడ పోనియ్యొద్దని పిల్లకు చెప్పు."

వాడి వెనక పావురాల చప్పుడు వినిపించింది. వాడు మిద్దె మీది నుంచి మాట్లాడుతున్నాడు. ఫోన్ కోసం వాడెప్పుడూ మిద్దె ఎక్కడు. కింది ఏడుపులు నాకు వినిపించకూడదని ఎక్కాడు. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే వాడు దాచలేకపోయేవాడు.

ఎదురుగా బోర్డు మీద పది గంటలకు హైదరాబాద్ విమానం ఉంది. అది ఎక్కితే చీకటి పడే వేళకు తాండూరు చేరవచ్చు. బిడ్డ వస్తున్నదంటే అమ్మను అప్పటిదాకా ఇంట్లోనే ఉంచుతారు. కానీ మా అమ్మాయి ఎనిమిదేళ్లు వచ్చేవరకు పెరిగింది అమ్మ చేతిలోనే. నేను వెనక్కి తిరిగితే ఎందుకని అడుగుతుంది. తెలిస్తే తనూ వస్తుంది. మూడేళ్లుగా తెల్లవారకముందే లేచి గ్రౌండుకు వెళ్లిన మిగతా పదకొండు మంది అక్కడ గోల్‌కీపర్ లేకుండా నిలబడతారు. ఇలా అనుకున్నాను. ఇవి కారణాలో, నాకు నేను చెప్పుకున్న సాకులో ఈరోజుకీ తేల్చుకోలేదు.

అమ్మాయి దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మకు చేసినవా? నాకియ్యకపోతివి."

"పండుకుంది," అన్నాను.

మా ఆయన టీ కప్పులు పట్టుకొచ్చారు. నా చేతిలో ఫోన్ చూసి, "బంద్ చేసుకో, చార్జింగ్ అయిపోతది," అన్నారు. చార్జింగ్ నిండుగా ఉంది. తమ్ముడు ఆయనకు ముందే చెప్పాడని అప్పుడు అర్థమైంది. ఆయన నాకు చెప్పకూడదనుకున్నారు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. ఫోన్ బంద్ చేశాను.

ప్రయాణం పదిహేను గంటలు. అమ్మాయి మధ్య సీట్లో, మేం చెరో పక్క. తలుపులు మూశాక నాకు మొదటిసారి భయం వేసింది. ఇక చెప్పినా ఎవరూ దిగలేరు.

రెండు గంటలు గడిచాక అమ్మాయి స్టీలు డబ్బా తీసింది. అందులో అమ్మ మా ప్రయాణానికని చేసిన కడక్ రొట్టెలు, కారప్పొడి పొట్లం ఉన్నాయి. జొన్న రొట్టెను పలచగా కొట్టి, కాల్చి, విరిగేంత గట్టిపడేదాకా ఆరబెడితే నెల రోజులైనా పాడవదు. ఇరవై చేసి, పాత చీర గుడ్డలో చుట్టి ఇచ్చింది.

వెనక సీటు పిల్ల తల ముందుకు పెట్టింది. "ఏందే గిది, అప్పడమా?"

"మా అమ్మమ్మ రొట్టె. పండ్లూడితే నన్ననొద్దు."

"ఒక తునక నాకూ ఇయ్యి," అన్నాడు సార్, పక్క వరస నుంచి. "గిది తిన్నోళ్లకు బాల్ తగిలినా నొప్పి గాదు."

రొట్టె చేతులు మారుతూ నాలుగు వరసలు వెళ్లింది. కారప్పొడి వాసనకు ఎవరో తుమ్మారు. అందరూ నవ్వారు.

"నాన్నా, తీసుకో."

"నాకాకలైతలేదు, మీరు తినుండ్రి," అన్నారాయన. జొన్న రొట్టె వద్దన్న మనిషి కాదు.

మా ఇంట్లో, పోయిన మనిషిని తీసుకెళ్లేదాకా ఎవరూ ఏమీ తినరు. ఆ వేళకు అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. అమ్మాయి నా ముందు తునక పట్టుకుని చూస్తోంది. తీసుకుని తిన్నాను. కొరికితే చప్పుడైంది. ఇంకోటి ఇచ్చింది. అదీ తిన్నాను.

మా ఇద్దరి గడియారాల్లోనూ మన టైమే ఉంది. పొద్దు గూకకముందే అమ్మను తీసుకెళ్తారు. సాయంత్రం అయిదున్నరకు నేను గడియారం చూసుకుని తలెత్తితే ఆయనా చూసుకుంటున్నారు. ఆయన లేచి బాత్రూముకు వెళ్లి చాలాసేపు రాలేదు. నేను లేవలేదు. నిద్రపోతున్న అమ్మాయి తల నా భుజం మీద ఉంది. ఆయన తిరిగి వచ్చాక, "నాకెరుకనే," అన్నాను. ఆయన పిల్లను చూసి తల ఊపారు. 

అక్కడ నాలుగు రోజుల్లో మూడు ఆటలు. రెండు ఓడిపోయారు, ఒకటి గెలిచారు. అమ్మాయి రోజూ అమ్మమ్మకు ఫోన్ చెయ్యమని అడిగేది. మనకూ అక్కడికీ ఎనిమిదిన్నర గంటల తేడా, అబద్ధానికి అది సాయపడింది. మూడో రోజు, "గీ అమ్మమ్మ ఎప్పుడు జేసినా పండుకునే ఉంటదేందే," అని నవ్వింది.

చివరి ఆట అయ్యాక, గ్రౌండు పక్క బెంచీ మీద చెప్పాను. గ్లౌజులు విప్పుతూ వింది.

"ఎప్పుడు?"

"మనం హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు. విమానంలో ఉండంగ."

"రొట్టె తిన్నప్పుడు నీకెరుకనేనా?"

"ఎరుకనే."

 నన్ను తిడుతుందనుకున్నాను. "ఒక్కసారన్న లేపుమని అనకపోతిని," అంది. అప్పుడు ఏడ్చింది.

ఊరికి వచ్చాక తమ్ముడు, "అమ్మనే చెప్పొద్దన్నదక్కా, పిల్ల ఆట చెడుతదని," అన్నాడు. అమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. ఎప్పుడు చెప్పిందని నేను అడగలేదు. డబ్బాలో ఇంకా మూడు రొట్టెలు మిగిలాయి. అమ్మాయి వాటిని రోజుకొకటి తినేసింది. ఎవరికీ పెట్టలేదు.

ఇప్పుడు తను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటుంది. ఫోన్ చేసి నాన్నకియ్యమంటే, ఆయన ఎంత నిద్రలో ఉన్నా లేపి ఇస్తాను. తాండూరులో తమ్ముడూ అంతే. ఎవరు అడిగినా, ఎవరి గురించైనా, పండుకున్నారని మా రెండిళ్లలో ఇప్పుడు చెప్పం.