మా హెరాల్డ్‌ని చూడవచ్చిన అబ్బాయి

మా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో అందరివీ కార్లు, మాది మాత్రం హెరాల్డ్. ఈ మాట నేనంటే గొప్ప, మా ఆవిడ అంటే దెప్పు. ఈ మధ్య సూరత్‌లో ఎటు చూసినా తెల్లటి పెద్ద కార్లే, ఏది ఎవరిదో తెలియాలంటే నంబరు ప్లేటు చదవాలి. మా రోజుల్లో ఆ బాధ లేదు. మునిమాపు వేళ ఎదురుగా వచ్చే బండి ఏదో దీపాల ఎడం చూసి చెప్పేసేవాళ్ళం.

నాకీ పిచ్చి పట్టింది కావలి దగ్గర హైవే మీద. పదో తరగతిలో ఉండగా, మద్రాసు వైపు నుంచి కార్ల ర్యాలీ వస్తోందని విని బడి ఎగ్గొట్టి సోడా కొట్టు ముందు నిలబడ్డాను. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత కార్లు, ఆ తర్వాత మా అందరి నోళ్ళలోకీ దుమ్ము. పద్మినులు పోయాయి, జీపులు పోయాయి. తలుపుల మీద తెల్లటి సున్నాల్లో అంకెలు, బంపర్ల మీద అదనపు లైట్లు, అద్దాల దాకా బురద. అన్నిటికన్నా వెనక, ఒక దీపం పగిలిన చిన్న కారు వచ్చి మా ముందే ఆగింది. డ్రైవరు దిగి బానెట్టునీ మడ్‌గార్డుల్నీ కలిపి ఒక్క ముక్కగా ముందుకు ఎత్తేశాడు. మొసలి నోరు తెరిచినట్టయింది. ముందు చక్రం మీదే చతికిలబడి ఏదో బిగించి, ఒక సోడా తాగి, వెళ్ళిపోయాడు. అది హెరాల్డని సోడా కొట్టాయన చెప్పాడు. ఆ రాత్రి మా నాన్న చేతిలో తిన్న దెబ్బలు గుర్తులేవు గానీ ఆ బానెట్టు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది.

తర్వాత బ్యాంకు ఉద్యోగం, బదిలీల మీద బదిలీలు, చివరికి సూరత్‌లో ఉధ్నా బ్రాంచి. ఒకసారి లోను తనిఖీకని కతర్‌గామ్ వెళ్ళాను. వజ్రాలు సానపట్టే కార్ఖానా వెనక రేకుల షెడ్డులో, గోనెసంచుల కింద ఏదో ఉంది. బయటికి కనబడుతున్నది వెనక మడ్‌గార్డు కొస ఒక్కటే, చేప తోకలాగా పైకి లేచి. నాకు అది చాలు. లోను సంగతి మర్చిపోయి సంచులు లాగడం మొదలుపెట్టాను. యజమాని నన్ను ఆపలేదు సరికదా, "లే జావో సాబ్, జగా ఖాళీ అవుతుంది" అని దండం పెట్టాడు.

దాన్ని ట్రాక్టరుకు కట్టి డిండోలిలో మనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తోలుకుపోయాను. సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడినవాడు. చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏంది సార్, దీన్ని నడిపిద్దామనా, దహనం చేద్దామనా?" అన్నాడు. అలా అంటూనే వానాకాలం వెళ్ళేసరికి నడిపించాడు. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. కారుకా, నాకా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటికి మా అమ్మాయి ఒకటో తరగతి. ఆదివారం వస్తే ఇద్దరం డూమస్ రోడ్డెక్కేవాళ్ళం. సముద్రం వంక, టమాటా భజియా వంక, అసలు పని ఎదురొచ్చే కార్ల పేర్లు చెప్పడం. మొదట్లో నేను నేర్పాను. పద్మిని వెనక దీపాలు నిలువుగా నాజూగ్గా ఉంటాయి, కాంటెస్సా ముక్కు ముందు వస్తుంది మనిషి తర్వాత వస్తాడు, జిప్సీ నడుము ఎత్తి నడుస్తుంది అని. ఏడాది తిరిగేసరికి అదే నాకు నేర్పడం మొదలుపెట్టింది. పేరు ఒక్కటే చెబితే ఊరుకునేది కాదు, ఏ రకమో కూడా చెప్పాలి.

తప్పు చెబితే మాత్రం దానికి తండ్రీ లేడు, తాతా లేడు. ఒకసారి ఎండ కళ్ళలో పడి, హెరాల్డ్‌కి తమ్ముడిలాంటి గజెల్ కారునొకదాన్ని చూసి మనదాన్లాంటి హెరాల్డే అనేశాను. "కాదు, దాని బానెట్టు మనదాన్లా తెరుచుకోదు" అంది. నేను పెద్దరికం కొద్దీ మొండికేశాను. ఒప్పుకొనేదాకా భజియా ముట్టలేదు ఆ పిల్ల. పొట్లంలో అవి చల్లారిపోయాయి, నూనె కాగితం దాటి దాని గౌనుకు అంటింది. చివరికి నేనే దిగి వచ్చాను. ఇంకోసారి నెల్లూరులో చుట్టాల పెళ్ళిలో, పెళ్ళికొడుకు మేనమామ తన పద్మిని పుట్టినప్పటి రంగులోనే ఉందని గొప్పలు పోతుంటే, వియ్యాలవారి పంక్తి మధ్య నిలబడి, "తలుపు సందులో నీలం రంగు కనబడుతోంది తాతయ్యా" అంది. ఆయన గారెలు వదిలేసి లేచిపోయాడు. చిన్నపిల్ల, తెలియక అందని మా ఆవిడ సర్దబోతే, "తెలిసే అన్నాను" అంది.

అలాంటిది పెరిగి కళ్ళ డాక్టరయింది. పోయిన చలికాలం ఒక రాత్రి భోజనాల దగ్గర, ఒక అబ్బాయి ఉన్నాడంది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి డిండోలిలో ఉంటున్నవాళ్ళు, తండ్రి జోల్వాలో మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ, అబ్బాయి బట్టల డిజైన్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. "ఆదివారం వస్తాడు నాన్నా. నువ్వు చూసి సరే అంటేనే. వద్దంటే ఇంక ఆ మాట ఎత్తను" అంది. దాని మాట మాటే, నాకు తెలుసు. వాళ్ళు మావైపు వాళ్ళు కారు, మా యాస కాదు, అవి నాకు పట్టవు. నా ఏడుపు వేరు. ఉన్నది ఒక్కతి. ఎవడో వచ్చి తీసుకుపోతే ఆదివారాలు నేను ఎవరితో వాదించాలి? వద్దనడానికి చేతికి ఒక సాకు దొరికితే బాగుండునని, నిజం చెప్పొద్దూ, మనసులో వెతుక్కుంటూనే ఉన్నాను.

అబ్బాయి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. మా ఆవిడ పెసరట్లు పెడుతూ నావైపు చూసి, "కారు దగ్గరికి తీసుకెళ్ళకండి" అని కళ్ళతోనే చెప్పింది. టీ అయ్యాక తీసుకెళ్ళాను. అమ్మాయి కూడా దిగింది. గుడ్డ తీస్తుంటే ఆ అబ్బాయి రెండో కొస పట్టుకున్నాడు. కారు చుట్టూ గుడిలో ప్రదక్షిణం చేసినట్టు చేతులు వెనక్కి పెట్టుకొని తిరిగాడు.

"మస్తుంది అంకుల్. పాతదే గానీ మంచిగ పెట్టుకున్నరు."

"ఏం కారో చెప్పు బాబూ," అన్నాను.

దాని మీద పేరు బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది, చదివి చెప్పడానికి లేదు. పాపం, అద్దాల్లోకి తొంగి చూశాడు, టైర్లు చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"అంబాసిడర్ గదా అంకుల్?"

నాకు ఒళ్ళు మండింది, పండగ్గా కూడా అనిపించింది. ఇంత తేలిగ్గా సాకు దొరుకుతుందనుకోలేదు. అబ్బాయి నా మొహం చూసి అనుమానపడి, అమ్మాయివైపు తిరిగాడు. "కాదా?"

ఇప్పుడు చూడు నీ సంగతి, అనుకున్నాను. అమ్మాయి అతన్ని చూడలేదు. సూటిగా నా కళ్ళలోకి చూసింది. దాని చెవులు ఎర్రబడ్డాయి.

"అంబాసిడరే," అంది.

ఆ అబ్బాయి ఊపిరి పీల్చుకొని, వాళ్ళ ఊళ్ళో సర్పంచికి ఇలాంటిదే ఉండేదని ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. కన్నతండ్రి తప్పు చెబితే అన్నం మానేసే పిల్ల, వీడి కోసం నా ముందు నిలబడి, నేను నేర్పిన కారు ముందే, తెలిసి తెలిసి తప్పు చెప్పింది. ఈర్ష్య కలిగింది. ఆ వెంటనే, ఇంత ఇష్టాన్ని నేను కాదంటే మనిషినే కాననిపించింది. నాలుక చివర ఉన్న మాట మింగేశాను.

"అవును బాబూ, అంబాసిడరే. ఎక్కు, అలా తిరిగొద్దాం," అన్నాను.

మేం తిరిగొచ్చి, అబ్బాయి సెలవు తీసుకొని వెళ్ళాక, అమ్మాయి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ రాత్రికి చారు కాస్తోంది.

"ఏం కారన్నాడు?"

"అంబాసిడరన్నాడు."

పకపకా నవ్వింది. "మరి పిల్ల ఊరుకుందా?"

"అదీ అంబాసిడరే అంది."

నవ్వు ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, స్టవ్ తగ్గించింది.

"మీరేమన్నారు?"

"నేనూ అదే అన్నాను."

కొంగుతో కళ్ళు ఒత్తుకొని, గిన్నె మీద మూత పెట్టింది. "అయితే వాళ్ళ పెద్దవాళ్ళని ఎప్పుడు రమ్మందాం?" అంది.