మైదాకు పెట్టించుకోని చెయ్యి

నా చిన్నప్పుడు మైదాకంటే, అదే గోరింటాకంటే, పడి చచ్చేదాన్ని. కల్వకుర్తిలో మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్నమ్మ మైదాకు నూరిందంటే చాలు, వాడకట్టు పిల్లలందరికంటే ముందు రెండు చేతులూ చాపేది నేనే.

ఆ ఎండాకాలం మా గల్లీలో ఒక కుక్కపిల్ల తిరిగేది. దానికి రోజూ గంజి పోసేదాన్ని. ఒకనాడు ఏమైందో, నా కుడి అరచేతిని కొరికింది. చిన్న గాటే. మూడో రోజుకు దాని నోటి నుంచి చొంగ కారసాగింది, అరుపు మారిపోయింది, గుక్కెడు నీళ్లు మింగలేక కొట్టుకుని చచ్చిపోయింది. ఎవరినైనా కరిచిందా అని పెద్దవాళ్లు మమ్మల్నందరినీ అడిగారు. నేను నోరు విప్పితే ఒట్టు! అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. పైగా దాని జోలికి పోవద్దని అమ్మ ముందే చెప్పింది.

మరునాడే ఖాలా మైదాకు నూరింది. పండుగ లేదు, పెళ్లి లేదు, ఉత్తపుణ్యానికి ఎందుకని ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఎడమ చెయ్యే చాపి, కుడి చెయ్యి లంగా మడతల్లో దాచుకున్నాను. ఆమె చూడాలనుకున్నది అదే. నన్ను లోపలికి తీసుకుపోయి మెల్లగా పిడికిలి విప్పింది.

"తిట్టను బేటా. మా తమ్ముడు గూడ గిట్లనే దాచిండు. రోగం బయటపడ్డంక ఏ డాక్టరు గూడ బతికియ్యలేకపోయిండు" అంది. ఆమె ఏడుపు చూసి నేనూ భోరుమన్నాను.

సంగతి తెలిసి అమ్మ కారప్పొడి పట్టుకుని ఉరికొచ్చింది.

"కారం గీరం అద్దకు అక్కా! సబ్బుతోని కడగాలె, దవాఖానకు పోవాలె" అంటూ ఖాలా బోరింగు కింద నా చెయ్యి పెట్టి చాలాసేపు కడిగింది. సూదులు వేయించుకున్న అన్ని రోజులూ మాతో వచ్చింది. నొప్పే, అబద్ధమెందుకు! చివరి సూదినాడు నా కుడి చేతికి తనే మైదాకు పెట్టింది.

మొన్న మా మనవరాలు బడి నుంచి వస్తూనే చెయ్యి చాపింది. "నానమ్మా, పక్కింటోళ్ల కుక్క గీరింది. నెత్తురొచ్చింది. తిడ్తవా?"

తిట్టలేదు. నల్లా కింద పావుగంట సబ్బుతో కడిగి, ఆటో ఎక్కించాను. ఇప్పుడు సూదులు భుజానికే, అవీ కొన్నే. పెంచుకున్న కుక్కే కదా అని ఊరుకోలేదు. దానికి ఏటేటా టీకా వేయిస్తున్నారో లేదో వచ్చాక అడిగాను.

మా పిల్ల చెయ్యి దాచుకోలేదు. ఖాలా బతికుంటే, ముందు ఆమెకే చెప్పేదాన్ని.