గేటు దాటని బూడిద గుర్రం

ఆ లోయలో వాన పడితే తిట్టుకున్నది లోర్నా ఒక్కతే. అమెరికాలోని నెవాడాలో ఆ వేసవంతా పశువుల వాళ్లు మబ్బు కోసం మొహం వాచి ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నం కుండపోతగా కురిసింది.

"ఊరంతా టోపీలు ఎగరేస్తుంటే, నువ్వేంటి వదినా, ఎవరో పోయినట్టు కూర్చున్నావ్?" అన్నాడు మరిది డెల్.

"పల్లాల్లో నీళ్లు నిలిస్తే గుర్రాలు మన ఊటకెందుకొస్తాయిరా? నీ అందం చూడ్డానికా?"

అడవి గుర్రాలను తరమకుండా పట్టడం లోర్నా పని. ఊట చుట్టూ కంచెలా రోజుకో ఇనుప చట్రం నిలబెడుతుంది. గుర్రాలు దానికి అలవాటుపడ్డాకే ఇంకొకటి. చివర్లో గేటు. దాన్ని తెరిచే ఉంచి, పొదల చాటున తాడు పట్టుకుని కూర్చుంటుంది. గుంపంతా లోపలికి వచ్చాకే లాగాలి. కిందటేడు హెలికాప్టర్ తరిమితే రాళ్ల మీద పరిగెత్తి గిట్టలూడిన గుర్రప్పిల్ల ఒకటి ఆమె ఒళ్లోనే చచ్చిపోయింది. శనివారం పొద్దుగూకేలోపు ఈ గుంపు దొరక్కపోతే మర్నాడు మళ్లీ హెలికాప్టరేనని, సర్కారు తరఫున గుర్రాలు పట్టించే గుత్తేదారు తేల్చేశాడు.

చిక్కంతా బూడిదరంగు తల్లిగుర్రంతోనే. అందర్నీ లోపలికి పంపి, తను మాత్రం వెనక కాళ్లు గేటు బయటే ఉంచి, మెడ చాచి తాగి పోతుంది. అప్పుడు లాగితే గేటు దాని నడుం మీద పడుతుంది.

శనివారం లోర్నా ఊటకు ఆవలి పక్కన ఉప్పుదిమ్మ పెట్టింది. వాన నీళ్లిస్తుంది గానీ ఉప్పివ్వదు కదా.

సాయంత్రం గుంపు వచ్చింది. పిల్లలతో సహా అన్నీ ఉప్పు మీద పడ్డాయి. బూడిదది గేటులో ఆగింది.

"లాగు వదినా! అన్నీ వచ్చేశాయ్!"

"తల్లి రాలేదు."

"ఒక్కదాని కోసం..."

"నోర్ముయ్."

చెయ్యి తిమ్మిరెక్కింది. చీమలు మెడ మీదికి పాకాయి. గుర్రం వెనక కాలొకటి లోపల పెట్టింది, వెనక్కి తీసింది. లోర్నా తనకొచ్చిన తిట్లన్నీ గొణిగేసింది. మెడ ఎంత చాచినా దానికి ఉప్పు అందలేదు. చివరికి విసుగ్గా బుసకొట్టి, వెనక కాళ్లు రెండూ లోపలికి వేసింది.

లోర్నా తాడు లాగింది. గేటు ఠంగుమంది.

గుత్తేదారుకు ఫోను చేసింది. "శభాష్ లోర్నా! అయితే హెలికాప్టర్‌ని రేపు ఉత్తర లోయలో ఉన్న గుంపు మీదికి పంపేస్తా. ఎలాగూ వస్తోందిగా" అన్నాడతను.

ఆమె ఫోను ట్రక్కు సీట్లోకి విసిరి, టైరును బూటుతో తన్నింది. లోపల బూడిద గుర్రం చట్రాన్ని తన్నింది.

"ఇద్దరికిద్దరూ సరిపోయారు" అన్నాడు డెల్.

"ట్రక్కులో చట్రాలెక్కించు. ఉత్తర లోయకు పోదాం."

"పొద్దున్నే హెలికాప్టరొస్తుంది వదినా! ఈలోగా ఎన్ని నిలబెడతావ్?"

"ఒకటి" అంది లోర్నా. "రోజుకొకటేగా."