కోత పండుగ లింకు

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే పొద్దుగూకేలోపు ఉదయగిరి అంతా పాకిపోతుంది. కొన్నేళ్ళుగా గుండెల మీద బండరాయి పెట్టుకుని అన్నం తింటున్నాను. అన్నం మాత్రం బాగానే తిన్నాను, అబద్ధమెందుకు.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. ఇది జరిగిన ఏడు ఆన్‌లైన్‌లో సమాచార భద్రత సర్టిఫికెట్ కోర్సులో చేరాను. అది చేతికొస్తే నెల్లూరులో మంచి ఉద్యోగం ఖాయమన్నారు. డిగ్రీ ఉండాలి, ఉంది. నాలుగు పేపర్లు పాసవ్వాలి, కిందా మీదా పడి అయ్యాను. నీతిగా నడుచుకుంటానని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి, చదవకుండానే పెట్టాను. మిగిలింది ప్రాజెక్టు. ఏదైనా ఒక సంస్థ దగ్గర ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని, అక్కడివాళ్ళకు ఉత్తుత్తి మోసపు లింకు పంపి, ఎంతమంది బుట్టలో పడతారో చూసి, తర్వాత అందరికీ అసలు సంగతి చెప్పి నివేదిక రాయాలి.

కాలేజీలో అడిగితే ప్రిన్సిపాల్ నా మాట పూర్తికాకముందే వద్దన్నాడు. గడువు ముంచుకొస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది ఉదయగిరిలో మా చర్చి వాట్సాప్ గ్రూపు.

దాన్ని నడిపేది మా చిన్నాయన, మా నాయనకు తమ్ముడు. కోత పండుగకు జనం కానుకగా తెచ్చే కోళ్ళూ గుమ్మడికాయలూ బియ్యం మూటలూ చర్చి ముందు వేలం వేసేదీ ఆయనే. ఆయన మైకు పట్టి పొగడడం మొదలుపెడితే, తెచ్చినవాడే తన కోడిని తిరిగి పాడుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఆ మైకు తప్ప ఆయనకు వేరే సరదా లేదు.

ఫోను ఏం తేడా చేసినా నాకే ఇచ్చేవాడు. "నాకేం దెలుసు పాపా, నువ్వేం జేస్తావో జెయ్యి" అనేవాడు. ఆ మాటనే నేను రాతపూర్వక అనుమతి కింద జమకట్టాను. రాసిందెవరు? నేనే. సంతకం? అదీ నేనే.

లాటరీ తగిలిందంటే మా వాళ్ళు నమ్మరు. కానీ పండుగకు పక్కింటివాళ్ళు ఏం తెస్తున్నారో తెలియందే మా చర్చిలో ఎవరూ తమ కానుక తేల్చుకోరు. వాళ్ళు పెట్ట తెస్తే వీళ్ళు పుంజు తేవాలి. అందుకని "ఈ ఏడు ఎవరు ఏం తెస్తున్నారో చూడండి" అని రాసి, చిన్నాయన ఫోనులోంచే లింకు వదిలాను. చూడాలంటే మెయిల్ పాస్‌వర్డు కొట్టాలి. కొట్టిన పాస్‌వర్డు ఎక్కడా నిలవకుండా ఏర్పాటు చేశాను, ఆపాటి నీతి ఉంది నాకు.

ఇంటికొకరు చొప్పున నొక్కారు. పాస్టరుగారు రెండుసార్లు కొట్టారు, మొదటిసారి ఏమీ కనపడలేదని.

ఎవరో ఇది మోసం అని కేకేశారు. ఇక చూడాలి! ఒకావిడ ఫోను తీసి బియ్యం డబ్బాలో పూడ్చింది, నీళ్ళలో పడ్డప్పుడు అదే వైద్యం పనిచేసిందట. ఇంకొకాయన బ్యాంకుకని బస్సెక్కి ఆత్మకూరు పరిగెత్తాడు. అప్పుడే కదా నేను నోరు విప్పాల్సింది? విప్పితే దొంగ సంతకం బయటపడుతుంది, సర్టిఫికెట్ పోతుంది. ఒక వారం ఆగుదాంలే అనుకున్నాను. ఈలోపు అందరూ చిన్నాయన మీద పడ్డారు.

ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నేను పంపలేదు పాపా. బైబిలు మీద చెయ్యేసి జెప్తా. నువ్వు సదువుకున్నదానివి గదా, నా ఫోన్లోంచి ఎట్ట పొయ్యింది?"

"నువ్వే తెలీకుండా ఏదో నొక్కుంటావులే చిన్నాయనా. దొంగెవడో లోపలికి దూరుంటాడు."

"అయితే తప్పు నాదేనంటావా?"

"తప్పని గాదు. కొంచెం జాగ్రత్తగా ఉండాల."

జాగ్రత్త! ఆ మాట ఏ మొహం పెట్టుకుని అన్నాను?

పెద్దలు ఆయన్ను గ్రూపులోంచి తీసేశారు. మైకు కూడా తీసేసుకున్నారు. అందరికీ అసలు సంగతి చెప్పేశానని నివేదికలో రాసి పంపాను, నాకు సర్టిఫికెట్ వచ్చింది. చర్చిలో శాలువా కప్పి, ఆన్‌లైన్ మోసాల మీద మాట్లాడమన్నారు. మాట్లాడాను కూడా, సిగ్గులేకుండా. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది చిన్నాయనే. నెల్లూరు ఉద్యోగం మాత్రం రాలేదు. అనుభవం ఉందా అని అడిగారు. ఉంది, చెప్పుకునేది కాదు.

ఇప్పుడు వేలం వేసే అతను హాజరు పిలిచినట్టు పిలుస్తాడు. పాడేవాళ్ళు లేక కోళ్ళు బిక్కమొహం వేసుకుని చూస్తుంటాయి. చిన్నాయన వెనక వరసలో కూర్చుని పెదాలు కదుపుతుంటాడు, ఒకటోసారి, రెండోసారి అని. అది చూసిన ప్రతిసారీ నేను పాటల పుస్తకంలోకి తల దూర్చేస్తాను.

మొన్న ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ దొంగ ఇంకా లోపల ఉన్నాడేమో చూడమన్నాడు. లేడని నేను పెద్దల ముందు ఒక్క మాట చెబితే ఈసారి మైకు ఇస్తామన్నారట. చూసినట్టు నటించి, లేడన్నాను.

"అంత గట్టిగా ఎట్ట జెప్తుండావు పాపా? మళ్ళీ రాడు గదా?" అన్నాడు ఆశగా.

రాడన్నాను. ఆదివారం పెద్దల ముందు కూడా అదే చెబుతాను. మైకు ఆయన చేతికి వస్తుంది, నాకింకో శాలువా కప్పినా కప్పుతారు. ఆయనకు నిజం చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు, రేపటికి వస్తుందనే నమ్మకమూ లేదు. నీకైనా చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. ఆ దొంగ నేనే.