సొన అంటని చేతులు

మా వీధిలో అచ్చమ్మత్త చేత నీళ్ళు పోయించుకోని పిల్లలు తక్కువ. మేం ఆగిరిపల్లి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఎవరింట్లో పురుడు జరిగినా పొద్దున్నే ఆవిడ నడిచి రావడం, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చోవడం, ఆ కాళ్ళ మీద పసిబిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోయడం అన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. చూడడమే. మాకు పిల్లలు లేరు కాబట్టి ఆవిడతో మా ఇంటికి పని పడలేదు.

ఈ మార్చిలో పడింది.

కిందటేడు వినాయక చవితి వెళ్ళిన వారానికి మా అక్క నాగరత్నం చనిపోయింది. అప్పటికి అక్క కూతురు లావణ్యకి నాలుగో నెల. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని అక్క అడిగింది ఒక్కటే, "రమణా, దాని పురుడు నువ్వు పొయ్యవే" అని. సరేనన్నాను. నాకు పొయ్యడం తెలిసింది అట్లు ఒక్కటే. ఆ మాట అప్పుడు చెప్పలేదు.

నూజివీడు ఆసుపత్రిలో లావణ్యకి ఆడపిల్ల పుట్టింది. కుట్లు పడ్డాయి గానీ పెద్ద ఇబ్బంది లేదు. మా ఆయన ఆటోలోనే ఇంటికి తెచ్చుకున్నాం. గతుకు వచ్చిన చోటల్లా మా ఆయన ఆటో ఆపి వెనక్కి తిరిగి చూసేవాడు. "చూసింది చాలు, పోనీ బాబాయ్, ఇలా అయితే పాప బళ్ళో చేరే వేళకి ఇంటికి చేరతాం" అంది లావణ్య. అక్క పోయాక అది నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

బొడ్డు ఊడిన మర్నాటి నుంచి అచ్చమ్మత్త వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది. కానీ పసిపిల్లని పట్టుకుంటే ఆ చేతులు వేరేగా ఉంటాయి. వేళ్ళు అన్నీ ఒకేసారి పని చేస్తాయి. పాపకి నూనె రాసి కాళ్ళూ చేతులూ సాగదీసి, నలుగు పెట్టి, నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి తలకి నీళ్ళు పోస్తుంటే ఒక్క చుక్క కంట్లోకి పోదు. బోర్లా తిప్పి వీపు మీద పోసేటప్పటికి పాప ఏడుపు ఆపి మూలుగుతుంది.

"చూశావా, వాళ్ళ అమ్మమ్మ లాగే సుఖం మరిగింది," అంది అచ్చమ్మత్త. అక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా వేడినీళ్ళకోసం పేచీ పెట్టేదని ఆవిడకి గుర్తు. లావణ్య మడతపెట్టిన గుడ్డల్నే మళ్ళీ మడతపెట్టింది. ఆవిడే మళ్ళీ, "ఏం, పోయినాళ్ళ మాట అనకూడదా? అంటేనే వాళ్ళు కాసేపు ఉన్నట్టుంటుంది," అని తువ్వాలు అడిగింది.

అచ్చమ్మత్త పాప ముక్కులో నూనె వెయ్యబోతే, చూడ్డానికొచ్చిన ఏఎన్ఎమ్ నర్సమ్మాయి వద్దని ఒకసారి గట్టిగా చెప్పింది. ఆ మాట నచ్చకపోయినా అచ్చమ్మత్త విన్నది. "నలభై ఏళ్ళు వేశాను, ఇప్పుడు వద్దంటున్నారు. సర్లే, చదువుకున్న పిల్ల," అని ఆ నూనె తన మోకాళ్ళకే రాసుకుంది.

అంతా బాగానే ఉంది. ఒక్క లావణ్య మాత్రం పాపకి నీళ్ళు పోయడానికి దగ్గరికి వచ్చేది కాదు. పాలిచ్చేది, జోకొట్టేది, గుడ్డలు మార్చేది. నూనె రాసిన పాపని చేతిలో పెడితే మాత్రం వెంటనే తిరిగి ఇచ్చేసేది.

"జారిపోతుంది పిన్నీ. నా వల్ల కాదు," అనేది.

దాని భయం దానిది, నా భయం నాది. మూడో నెల రాగానే లావణ్య రెడ్డిగూడెం అత్తారింటికి వెళ్ళిపోవాలి. అల్లుడు వినోద్ మంచివాడే, పొద్దున్నే పనికి పోతాడు. దాని అత్తగారు సుజాత మామిడి షెడ్డులో కాయ ఏరుతుంది. కాయ ముచ్చిక విరిచినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే కాలినట్టు నల్లబడుతుంది, పొక్కుతుంది. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. మా వైపు సీజను వచ్చిందంటే ఆ చేతులతో ఎవరూ పసిబిడ్డని తాకరు. అక్కడ పాపకి నీళ్ళు పోయాల్సింది లావణ్యే. అక్క పురుడు నా మీద పెట్టి వెళ్ళింది, నేర్పుదామంటే నాకేమో రాదు.

అచ్చమ్మత్తకి చెప్పాను. "కోత మొదలయ్యేదాకా నేను వస్తాను కదా. ఇంకా ఇరవై రోజులుంది. ఈలోపు దాని చేత పోయిస్తాను," అంది. ఆవిడా సీజన్లో తోటకి పోతుంది. రోజూ, "ఇయ్యాల నువ్వు పట్టుకో," అనేది. లావణ్య, "రేపు అమ్మమ్మా," అనేది. రేపు అన్నది పది రోజులు జరిగింది.

ఒక సాయంత్రం తోట కాంట్రాక్టరు వెంకటేశ్వర్లు బండి మీద వచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. అచ్చమ్మత్త అప్పుడు మా అరుగు మీదే ఉంది.

"అత్తా, గాలివాన అంటున్నారు. కాయ రాలిపోతే నేను మునిగిపోతాను. రేపు తెల్లారేసరికి తోటలో ఉండాలి. వీధిలో అందరికీ చెప్పాను. ఆలస్యం చెయ్యకు."

"నా కాళ్ళ మీద ఉచ్చ పోసినోడివి, నువ్వా నాకు టైము చెప్పేది?"

"అది ఎప్పటి మాట అత్తా!"

"ఎప్పటిదైతే ఏంటి, పోసింది నువ్వేగా."

వాడు నవ్వుకుంటూ పోయాడు. అచ్చమ్మత్త మాత్రం నవ్వలేదు. "ఒక్క రోజే కదా, సొన అంటకుండా పక్కన కూర్చుని కోసిన కాయ పేరుస్తాలే," అని నాకు చెప్పింది.

మర్నాడు వీధి మొత్తం తోటకి పోయింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ చీకటి పడేదాకా బంగినపల్లి కాయ కోశారు. రాత్రి గాలి వచ్చింది, వాన రెండు చినుకులు పడి ఊరుకుంది. ఆ మరుసటి పొద్దున అచ్చమ్మత్త ఎప్పటి కంటే ఆలస్యంగా వచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఏంటత్తా అక్కడే ఉన్నావు?"

చేతులు ముందుకి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లటి చారలు. బొటనవేలి దగ్గర పొక్కు. "పక్కన ఎక్కడ కూర్చోనిచ్చారమ్మా. కోత కర్ర చివరి చిక్కంలోంచి కాయ జారి సొన మొత్తం నా మీదే పడింది. ఇవి తగ్గేటప్పటికి మళ్ళీ కోత వస్తుంది. ఇంక సీజను అయిపోయేదాకా ఇంతే."

పాపకి నీళ్ళు పోసేవాళ్ళు దొరుకుతారేమోనని నేను పక్కింటికి పరిగెత్తాను. పక్కింటావిడ వేళ్ళకి గుడ్డ కట్టుకుని ఉంది. ఎదురింటావిడ కళ్ళజోడు కూడా పెట్టుకోలేక కోడలి చేత పెట్టించుకుంటోంది, ఆ కోడలి చెంప మీదా మచ్చే. వీధి చివరిదాకా పోయి వచ్చాను. సొన అంటని ఆడవాళ్ళం నేనూ లావణ్యే మిగిలాం.

పాప మెడ మడతల్లో పాలు కారి ఎర్రగా కందిపోయింది. ఎండ ముదురుతోంది, ఒకటే ఏడుపు. "ఒక్కరోజు తడిగుడ్డతో తుడుద్దాం పిన్నీ," అంది లావణ్య.

"రేపు?" అంది అచ్చమ్మత్త వాకిట్లోంచి. "ఎల్లుండి? రెడ్డిగూడెంలో?"

లావణ్యకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "అమ్మ ఉంటే నేర్పేది," అంది. ఇన్ని నెలల్లో అది ఆ మాట అనడం అదే మొదలు.

అచ్చమ్మత్తే అంది, "నేర్పేది. నాకు నేర్పేవాళ్ళు లేరు తల్లీ. మొదటి పిల్లకి తోటలో బోరు దగ్గర నేనే పోసుకున్నాను. ముఖం మీద దబ్బున పోసి దానికి ఊపిరాడనియ్యలేదు. దానికంటే నేనే ఎక్కువ ఏడ్చాను. అది ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. కూర్చో. కాళ్ళు చాపు. రమణా, చెంబు నువ్వు పట్టుకో."

లావణ్య పీట మీద కూర్చుంది. నేను నీళ్ళలో వేళ్ళు పెట్టి బాగానే ఉన్నాయన్నాను.

"వేళ్ళకేం తెలుస్తుంది, రోజూ పొయ్యి దగ్గర కాలే వేళ్ళు అవి. మోచెయ్యి పెట్టు!" అని కసిరింది. పెట్టాను. వేడి. చల్లనీళ్ళు కలిపాను.

"పాదాలు రెండూ దగ్గర పెట్టు. పాప తల పాదాల వైపు. ఆ సందులో తల నిలబడుతుంది. ఊఁ. నూనె అరచేతికి కాసినే. అంత వద్దే, గారెలు వేస్తున్నావా?"

లావణ్య పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసింది. పాప కాళ్ళు తన్నింది, ఒక పక్కకి ఒరిగింది. లావణ్య చటుక్కున మోకాలు కొంచెం ఎత్తింది, పాప మళ్ళీ మధ్యకి వచ్చింది. అలా ఎత్తమని ఎవరూ చెప్పలేదు.

"అదీ," అంది అచ్చమ్మత్త, అంతే.

నేను చెంబుతో నీళ్ళు వంచుతుంటే లావణ్య పాప నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. మొదటి చెంబు నేనే ఎక్కువ పోసేశాను, పాప కెవ్వుమంది. "మెల్లిగా పిన్నీ!" అని లావణ్య నా మీద అరిచింది. అరిచాక తానే నా చెయ్యి పట్టుకుని ఎంత వంచాలో చూపించింది. బోర్లా తిప్పేటప్పుడు ఇద్దరం చెరో చెయ్యి వేశాం. పాప మాత్రం వీపు మీద నీళ్ళు పడగానే మూలగడం మొదలుపెట్టింది.

అచ్చమ్మత్త మెట్టు మీద చతికిలబడి, మోచేత్తో ముఖం తుడుచుకుంది.

ఆ రోజు నుంచి మేమే పోశాం. వారానికి లావణ్య నా చేతిలోంచి చెంబు కూడా తీసుకుంది. బాలింత అని దానికి మామిడిపండు పెట్టకపోతే, వీధంతా పళ్ళ వాసన వస్తుంటే ఊరికే ఎలా ఉండమంటావని పోట్లాడి ఒక రసం పండు తినేసింది. పాపకి ఏమీ కాలేదు. మా ఆయన పాపని ఒళ్ళో పెట్టుకుని టీవీ వార్తలు చదివి వినిపించేవాడు.

జూన్ రెండో వారంలో కోతలైపోయాయి. వినోద్ వచ్చి తీసుకువెళ్ళే రోజు పొద్దున అచ్చమ్మత్త వచ్చింది. చేతులు రెండూ తిప్పి చూపించింది. మచ్చలు పోయాయి.

"ఇయ్యాల నేను పోస్తానే. పీట ఇటు లాగు."

లావణ్య అప్పటికే కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాపకి నూనె రాస్తోంది. "మీరు కూర్చోండి అమ్మమ్మా, అయిపోతుంది."

"ఒక్కసారి నా కాళ్ళ మీద పెట్టవే. మళ్ళీ ఎప్పుడు చూస్తానో."

"పండక్కి వస్తాం కదా, అప్పుడు పోద్దురు గాని."

"చూశావా రమణా, నాకే చెప్తోంది," అని అచ్చమ్మత్త నా వైపు తిరిగింది. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. పీట వదిలేసి, తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, పాపని అందుకోవడానికి సిద్ధంగా కూర్చుంది.