తిరుమణి ప్రయాణం, మా ఇద్దరి రోజుల లెక్క

మా ఆయన రఘుకు మస్కట్‌లో సోలార్ ప్లాంటు ఉద్యోగం వచ్చింది. ఇద్దరం కలిసే వెళ్లాలనుకున్నాం. అప్పుడు నాకు మూడో నెల. బెంగళూరులో మేము కలిసిన ఆడిటర్ క్యాలెండరు ముందు పెట్టుకుని చెప్పారు. ఉద్యోగం కోసం దేశం వదిలే మనిషి ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరంలో నూట ఎనభై రెండు రోజులకంటే తక్కువ ఇక్కడ ఉంటే, అక్కడి జీతానికి ఇక్కడ పన్ను పడదు. ఉద్యోగం లేకుండా వెంట వెళ్లే భార్యకు ఆ వెసులుబాటు లేదు, ఆమె లెక్క వేరు. రఘు సెప్టెంబరు ఇరవై నాలుగున వెళ్లిపోతే ఇంకో నాలుగు రోజులు చేతిలో మిగులుతాయి. "మేడం, మీ అమ్మగారి భూమిని మీ పేరుకు మార్చుకుని వెళ్లండి. లేకపోతే ప్రతి సంతకానికీ ఎంబసీ చుట్టూ తిరగాలి" అన్నారు. అమ్మ పోయి ఏడాదైంది. పావగడ దగ్గర తిరుమణిలో సోలార్ పార్కుకు ఆమె లీజుకిచ్చిన పొలానికి నేనొక్కదాన్నే వారసురాలిని.

సెప్టెంబరు మొదటి వారంలో, పొద్దున ఆరింటికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కాం. కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక నాకు ఆధార్ చూపిస్తే చాలు, డబ్బులు కట్టి టికెట్ కొన్నది రఘు ఒక్కడే. తుమకూరు, మధుగిరి మీదుగా పావగడ చేరేసరికి పదిన్నర దాటింది. అక్కడి నుంచి తిరుమణికి ఆటో మాట్లాడుకున్నాం. ఆరు వందలు అడిగి ఐదు వందలకు ఒప్పుకున్నాడు. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా సోలార్ పలకలే.

"ముందు ఈడంతా శెనక్కాయ చేన్లే గదప్పా?" అన్నాడు రఘు.

"అవునప్పా. ఇప్పుడు గొర్రెలు తోలుకొని పోదామన్నా యాడ చూసినా కంచే అడ్డమొస్తాది" అన్నాడు డ్రైవరు.

తిరుమణిలో ఉండే మా చిన్నాయన మమ్మల్ని నేరుగా రెవెన్యూ ఆఫీసుకు తీసుకెళ్లాడు. గుమాస్తా కంప్యూటరులో చూసి, భూమి రికార్డు పహణిలో ఇంకా అమ్మ పేరే ఉందన్నాడు. "అర్జీ ఇయ్యమ్మా. నోటీసు ఏసి ముప్పై దినాలు ఆగల్ల. ఎవరూ అడ్డం చెప్పకపోతే భూమి ఖాతా నీ పేరుకు వస్తాది. పిలిచినప్పుడు నువ్వే రావల్ల."

ముప్పై రోజులంటే అక్టోబరు. రఘు, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఒంటిగంటకు చిన్నమ్మ రాగిముద్ద, శెనక్కాయ ఊరిబిండి పచ్చడి పెట్టింది. రఘు ముద్ద ముట్టలేదు. "ఆగుదామా పద్మా? అక్టోబరులో ఇద్దరం కలిసి పోదాం. కంపెనీని అడిగితే ఒక నెల ఇస్తారు" అన్నాడు.

"మరి పన్ను?"

"పడుతుంది. ఆరు నెలల జీతం మీద."

"వద్దు. నువ్వు పో. నేను ఈడే ఉండి ఖాతా చేయించుకుని వస్తా" అన్నాను.

చిన్నాయన చెయ్యి కడుక్కుంటూ ఆగాడు. "కడుపుతో ఉండే పిల్లని ఇడిసిపెట్టి, దినాలు లెక్కబెట్టుకొని పోతావేందప్పా?" అని రఘును అడిగాడు. "నేనే పొమ్మన్నా చిన్నాయనా" అని రఘుకు బదులు నేనే జవాబు చెప్పాను. ఆ రోజు సాయంత్రం నాలుగున్నర బస్సుకు రఘు ఒక్కడే బెంగళూరు వెళ్లాడు, ఇరవై నాలుగున అక్కడి నుంచి మస్కట్‌కు.

ఖాతా అక్టోబరు చివరికి నా పేరుకు వచ్చింది. వీసా కాగితాల కోసం ఎదురుచూస్తుండగా నవంబరులో కడుపు పోయింది. ఆడపిల్ల అన్నారు. రఘు మర్నాడే మస్కట్‌లో విమానమెక్కి వచ్చాడు. చేతిలో మిగిలిన ఆ నాలుగు రోజుల్లో దిగిన రోజూ, తిరిగి ఎక్కే రోజూ లెక్కలోకి వస్తాయి కనుక మధ్యలో నా పక్కన ఉన్నది రెండే రోజులు. రెండో రాత్రి "ఉండిపోతాను" అన్నాడు. పన్ను గుర్తుచేసి పొమ్మన్నది నేనే. తెల్లవారి ఆటో వెళ్లిపోయాక చిన్నమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు మస్కట్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ సంవత్సరం రిటర్నులు ఇద్దరివీ వేర్వేరుగా, తప్పు లేకుండా దాఖలయ్యాయి. ఆడిటర్ చెప్పినదంతా సరిగ్గానే జరిగింది. ఆ నవంబరు గురించి మాత్రం మేము మాట్లాడుకోం. అతను మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్తాను, నేను మొదలుపెడితే అతను ఫోను తీస్తాడు. పన్ను పడకుండా దక్కిన ఆ డబ్బును ఇప్పటికీ ఇద్దరం ముట్టుకోలేదు.

మీరూ జంటగా దేశం దాటుతుంటే ఒక మాట. రోజుల లెక్క వేయించుకునేటప్పుడు, మధ్యలో తిరిగి రావలసి వస్తే ఉండటానికి కనీసం ఒక నెల విడిగా పెట్టించుకోండి. మేము నాలుగు రోజులు పెట్టుకున్నాం.