కారు చల్లారిన చోట బావి

కారంపూడి నుంచి నరసరావుపేటకు మొదటి బస్సు ఉదయం ఆరు గంటలకని అందరూ చెబుతారు. అలా చెప్పేవాళ్ళెవరూ ఆ వేళకు అక్కడ నిలబడి చూసినవాళ్ళు కారు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి ఈ దారిన బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. వెనక బిగించిన డ్రమ్ములో నిప్పు రాజుకుని గ్యాసు పుట్టేదాకా బండి కదలదు. మేము కదిలేసరికి ఏడుంబావు. టిక్కెట్టు మనిషికి పన్నెండణాలు. ఎక్కేవాళ్ళు మంచినీళ్ళు వెంట పెట్టుకోవాలి, తెల్లబట్టలు కట్టుకోకూడదు.

మేమంటే నేనూ, నా చెల్లెలు రత్తమ్మా. పిలవకుండానే మూడోవారు కూడా ఉన్నారు, మా ఊరి మునసబు గారు. ముందు సీటులో పట్టుగుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ముగ్గురం ఒక్క మనిషిని చూడటానికే పోతున్నాం. ఆయన రాళ్ళ శాస్త్రంలో దేశమంతా పేరున్న ప్రొఫెసరు. ఆ సాయంత్రం నరసరావుపేటలో ఆయన ఉపన్యాసం. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. నాపరాళ్ళ గనుల దగ్గర దొంతులు కొలిచి లెక్క కట్టడం నా పని. నీళ్ళ గురించీ రాళ్ళ గురించీ ఆయన తెలుగులో రాసిన చిన్న పుస్తకాన్ని కుట్టు ఊడిపోయేదాకా చదివాను. ఎంతటివాడు చెప్పినా కొలిచి చూసుకోందే నమ్మకూడదని అందులో నేర్చుకున్నాను.

అంత గౌరవమున్న మనిషి దగ్గరికి నేను కోపంతో పోతున్నాను. కారణం మా ఊరి బావి.

రెండు వేసవుల కిందట ఆయన మా ఊరి మీదుగా పోతుండగా కారులో నీళ్ళు మరిగాయి. మా ఆడవాళ్ళు మైలున్నర నడిచి తెచ్చుకునే నీళ్ళలోంచి రత్తమ్మ ఒక బిందె ఆ కారుకు పోసింది. ఇంజను చల్లారేదాకా ఆయన పక్కనున్న దిబ్బ మీద చేతికర్ర గుచ్చి నిలబడ్డారు. చల్లారగానే వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ కర్ర గుచ్చిన గుంటలో ఎవరో కుంకుమ వేశారు. మర్నాడు కొబ్బరికాయ కొట్టారు. అంత గొప్పవాడు ఊరికే నిలబడతాడా, నీళ్ళ జాడ చూపించాడన్నారు. మునసబు గారు అక్కడే ఊరి బావి తవ్వించమన్నారు.

నేను వేసవికి అడుగంటే రెండు పాత బావుల్లో ఏడాది పొడుగునా నీటిమట్టం కొలిచి, పడమటి పల్లంలో ఒక చోటు గుర్తించి ఉన్నాను. నా లెక్క తప్పు కావచ్చు. కాని లెక్కయితే తప్పెక్కడుందో వెతకవచ్చు. కర్ర గుచ్చిన గుంటను ఏమని అడుగుతాం?

ఇప్పటికి ఏడు నిలువుల లోతు తవ్వారు. చుక్క లేదు. మందు పెట్టి రాయి పేలుస్తున్నారు. పోయిన నెల రాతిచెక్క ఎగిరి ఒక కూలీ కన్ను పోయింది. అతని బదులు లోపలికి దిగుతున్నది రత్తమ్మ మొగుడు వీరయ్య. మేము తిరిగి వచ్చాక మళ్ళీ మందు పెట్టాలని మునసబు గారి ఉత్తరువు. ఈలోపల ప్రొఫెసరు గారి నోటితోనే కాదనిపించాలని మా ప్రయాణం.

రెండు మైళ్ళు పోయాక ఎత్తు దగ్గర బస్సు ఆగింది. దిగి నెట్టాం. మునసబు గారు దిగలేదు.

"ఆ మూటలో ఏందండీ?" అని మిరపకాయల వర్తకుడొకాయన అడిగాడు.

"బావి అడుగున రాయి. ప్రొఫెసరు గారి చెయ్యి తగిలిస్తే నీళ్ళు పడతయ్యి."

"అట్టయితే ఆయన్నొకసారి ఈ బస్సు మీద చెయ్యి వెయ్యమనండి బాబూ, మా నడుములు పోతున్నయ్!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రత్తమ్మ చక్రం పక్కన నిలబడి రొప్పుతూ, "ఆ రోజు బండికి నీళ్ళు పోసిందాన్ని నేను. నన్నొక్కడూ అడగడేందన్నా?" అంది.

నరసరావుపేటలో దిగేసరికి పదకొండు దాటింది. బస్సులు ఆగే చోట పూటకూళ్ళ ఇంట్లో భోజనం ఆరణాలు, అన్నం కొలిచి పెడతారు. మేము తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిని, మూడింటికి ప్రొఫెసరు గారు దిగిన బంగళాకు పోయాం. వరండాలో జనం వరసగా కాళ్ళకు మొక్కి పోతున్నారు. ఒకామె పసిబిడ్డను ఆయన పాదాల దగ్గర పడుకోబెట్టి తీసింది. ఆయన వద్దనలేదు.

మా వంతు రాగానే మునసబు గారు మూట విప్పారు. రాయి నిండా పసుపు. ప్రొఫెసరు గారు దాన్ని తన పంచెతో తుడిచేశారు. జేబులోంచి భూతద్దం తీసి, పగిలిన వైపు తిప్పి చూశారు. చుట్టూ ఉన్న జనం ఆయనకు కనిపించడం మానేశారు.

"ఎంత లోతులోదండీ?"

"ఏడు నిలువులండి," అన్నాను.

"చెమ్మ తగలలేదు కదూ? దగ్గర్లో బావులున్నాయా?"

నా లెక్కంతా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"రెండు బావుల ఒడ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా?"

నేను చూడలేదు. ఏడాదిపాటు ఒడ్డు నుంచే కొలిచి, ఒడ్లలో హెచ్చుతగ్గులుంటే మట్టం లెక్క తప్పుతుందని తోచలేదు.

"అయితే మీ చోటు కూడా నేను ఒప్పుకోలేను. ఎత్తు సరిచూసి మళ్ళీ లెక్క కట్టండి. ఈ రాయి తీసిన చోట మాత్రం నేనైతే ఇంకో గజం తవ్వను. ఈ చోటు ఎవరు చూపించారు?"

నా తప్పు పట్టుకున్నందుకు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఈ మనిషి కోసమే కదా ఆ పుస్తకం అన్నిసార్లు చదివాననుకున్నాను.

మునసబు గారు చేతులు జోడించారు. "తమరే గదండీ! కర్ర గుచ్చి మరీ చూపిస్తిరి."

"అయ్యా, ఆ రోజు మీ బండికి బిందెడు నీళ్ళు పోసింది నేనే," అంది రత్తమ్మ.

ఆయన గుర్తు తెచ్చుకుని, పెద్దగా నవ్వారు. "అవునమ్మా, కారు మరిగింది! చల్లారేదాకా నిలబడ్డాను, అంతే."

"పెద్దోళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరు గదా," అన్నారు మునసబు గారు.

ఆయన మళ్ళీ నవ్వారు. ఆ రెండో నవ్వులో కొంచెం సంతోషం ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వేదానికి కాదండీ. ఒక కన్ను పోయింది. ఇప్పుడు లోపలికి దిగుతున్నది ఈమె మొగుడు. చల్లారేదాకా నిలబడ్డానన్న ఆ మాట సాయంత్రం సభలో ఒక్కసారి అనండి, చాలు."

ఆయన ముఖం చిన్నబోయింది. గుమ్మంలో దండలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ వైపు చూశారు. "ప్రేమతో చేసినదాన్ని నలుగురిలో కాదంటే బాగుండదు. మీరే నెమ్మదిగా నచ్చచెప్పండి," అన్నారు.

"నా మాట వినేవాళ్ళయితే ఇంత దూరం రానండీ."

అప్పటికే ఆయన మెడలో ఇంకో దండ పడింది.

సభ అయిదున్నరకు మొదలైంది. ఉపన్యాసం గొప్పగా ఉంది, అబద్ధం ఆడను. కొండలు ఎలా పుట్టాయో కళ్ళకు కట్టినట్టు చెప్పారు. శాస్త్రంలో గురువు మాటయినా పరీక్షకు నిలబడాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే ఆడవాళ్ళు హారతి పట్టుకొచ్చారు. ఆయన తల వంచి కళ్ళకద్దుకున్నారు. మా బావి ఊసు ఎత్తలేదు.

రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే తిరుగు బస్సు ఎక్కాం. "ఆయన రాయి చేత్తో పట్టాడు. తన పంచెతో తుడిచాడు. ఇంకేం గావాల?" అంటూ మునసబు గారు దారి పొడుగునా ఎక్కినవాళ్ళందరికీ చెప్పారు.

"తవ్వొద్దన్నాడు గదండీ!" అని అరిచాను.

"ఏందయ్యా నీ గోల! మన ఓపిక చూడ్డానికి అట్టంటారు."

ప్రొఫెసరు గారు ఏమన్నా ఆయన కీర్తిలోనే జమ పడుతోంది. కాదంటే వినయమట, వద్దంటే పరీక్షట. మునసబు గారి మీద నా కోపం పాతదే. ప్రొఫెసరు గారి మీద కోపం మాత్రం కొత్తది. ఆయన భూతద్దం తీసిన క్షణాన్నీ, హారతికి తల వంచిన క్షణాన్నీ ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయడానికి చూశాను. కుదరలేదు. రెండూ ఆ మనిషివే. ఆయన చెప్పిన ఒడ్ల ఎత్తు కొలుస్తాను. కాళ్ళకు మాత్రం మొక్కను.



ఊరి దగ్గర దిగేసరికి పన్నెండు కావస్తోంది. మునసబు గారు తిన్నగా బావి దగ్గరికి పోయి కబురు చెప్పారు. కూలీలు కొబ్బరికాయ కోసం పంపారు. వీరయ్య సుత్తె భుజాన వేసుకున్నాడు.

"వచ్చారా బావా? ఆయన ముట్టుకున్నాడంటగా!"

నేను జవాబు చెప్పేలోగా రత్తమ్మ గిలక దగ్గరికి పోయింది. కొంగు నడుముకు చుట్టి, కూలీలు పట్టుకుని బావిలోకి దిగే మోకు ముడి విప్పి, లోపలి కొసదాకా పైకి లాగి చుట్ట చుట్టింది.

"ఏమే రత్తమ్మా, ఏందది?" అన్నారు మునసబు గారు.

"మోకు మాదండి. మా ఆయన పేనింది. ఇంటికి తీసకపోతన్నా." చుట్టను నెత్తికెత్తుకుంది. "దిగేవోళ్ళు ఆయన చేతికర్ర పట్టుకోని దిగండి."

ఎవరూ నవ్వలేదు. వీరయ్య బావిలోకి ఒకసారి తొంగిచూశాడు. భుజం మీది సుత్తె దించి, మోకు పోతున్న వైపు నడిచాడు.